కాపురము లేని యిండ్లు

విదేశమున నొక యిల్లు కొనుట నేడు మన ధనికులలో గౌరవచిహ్నమైనది. మన నగరములలోని పెద్ద హోటళ్లలో దళారులు సభలు జరిపి, సముద్రతీరమునందలి ప్రాచీన నగరముల చిత్రములను తెరపై జూపి, ఇల్లు కొన్నవారికి ఆ దేశమున నివాసానుమతియు లభించునని ఆశపెట్టుచున్నారు. ధనము గలవాడు తన ధనముతో ఇల్లు కొన్నచో మీకేల కడుపుమంట యని మమ్ము నడుగువారు గలరు. ఇల్లు కొనుటపై మాకు కోపము లేదు. ఇంటిని కొని, అందు దీపమైనను పెట్టక, తాళము వేసి, ఆ తాళమునకు బదులుగా నొక రాజ్యమువలన హక్కును సంపాదించు వ్యాపారము మీదనే మా యాక్షేపణ.

ఈ వ్యాపారము ఎట్లు పుట్టినదో పోర్చుగలు దేశమును జూచిన తెలియును. 2011లో ఆ రాజ్యము అప్పులపాలై, ఐరోపా సంఘమువద్దను అంతర్జాతీయ ద్రవ్యనిధివద్దను 7,800 కోట్ల యూరోల ఋణమునకు చేయిచాచెను. అప్పిచ్చినవారు విధించిన షరతులలో ఇంటియద్దెల చట్టమును సడలింపవలెననునది యొకటి. 2012లో ఆ చట్టము మారెను. దశాబ్దములుగా స్వల్పమైన అద్దెతో కాపురమున్న పాతవారిని ఖాళీచేయించుట యజమానులకు సులభమయ్యెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే ‘బంగారు వీసా’ యనునది అవతరించెను. 500,000 యూరోలు, అనగా నేటి మారకపు లెక్కను సుమారు అయిదు కోట్ల రూపాయలు, పెట్టి స్థిరాస్తి కొన్న అన్యదేశీయునకు ఆ రాజ్యము నివాసానుమతి నొసగెను.

ఆ యనుమతి నిలుపుకొనుటకై కొన్నవాడు అచట నివసింపవలసిన కాలమెంత? మొదటి సంవత్సరమున ఏడు దినములు. పిమ్మట ప్రతి రెండు సంవత్సరములకును పదునాలుగు దినములు. సంక్రాంతికి అత్తవారింటికి వచ్చిన కొత్తయల్లుడు అంతకన్న నెక్కువ దినములుండి పోవును! పేరు నివాసానుమతి, చట్టము కోరనిది నివాసము. ఉద్యోగములు కల్పించియు ఈ వీసా పొందవచ్చునని చట్టమందుండెను గాని, వేలమంది ఇండ్లు కొని పొందగా ఉద్యోగములు కల్పించి పొందినవారు కొలది పదులకు మించలేదు.

లిస్బను నగరమున ఆల్ఫామా యను పేట గలదు. 1755 నవంబరు 1వ తేదీని వచ్చిన మహాభూకంపమున నగరములో చాలభాగము కూలి, కాలి, సముద్రపు పోటున మునిగినను ఈ పేట చాలవరకు నిలిచెను. ఇరుకైన మెట్లసందులు, కిటికీల ముందు తీగెలపై ఆరవేసిన బట్టలు, జూన్ నెలలో సంత్ అంతోనియో పండుగరాత్రి వీధులలో కాల్చు సార్డీను చేపల పొగ, ‘ఫాదో’ యను విషాదగానము, ఇవి యెల్ల ఆ పేటకు పేరు తెచ్చినవి. దళారి ముద్రించు రంగుల కాగితముమీదను ఈ ఆరవేసిన బట్టలే కనబడును. ఆ బట్టలు ఎవరివి? అచట పుట్టి పెరిగిన రేవుకూలివి, చేపలమ్మునట్టి ముసలమ్మవి. వారిని పంపివేసి ఆ గది కొన్నవాడు సంవత్సరమున కేడు దినములు వచ్చి యుండిన, తీగెమీద బట్టలారవేయువారెవరు? పండుగరాత్రి చేపలు కాల్చువారెవరు? బొమ్మను జూపి అమ్మినది దేనినో, అమ్మకముచేతనే అది నశించుచున్నది. ఒక మామిడితోటను పండ్లకొరకు కొని చెట్లు నరికించుకొన్నవానిని మనము తెలివిగలవాడందుమా?

లెక్కలో జూచిన ఈ యన్యాయము మరింత స్పష్టమగును. 2023లో ఆ దేశమున చట్టము నిర్ణయించిన కనిష్ఠవేతనము నెలకు 760 యూరోలు. సంవత్సరమునకు పదునాలుగు జీతములిచ్చు ఆచారము గలదు గనుక మొత్తము 10,640. అట్టి పనివాడు తినక, త్రాగక, పన్ను చెల్లింపక కూడబెట్టినను బంగారు వీసా వెలకు నలువదియేడేండ్లు పట్టును. వడ్డించునదియు, వీధులూడ్చునదియు వాడే. ఆ నగరమున తల దాచుకొనుటకు చోటు లేనిదియు వానికే.

ఇందు మన కొక ప్రత్యేకమైన సిగ్గు గలదు. ఆల్ఫామాకు దాపుననే మొరారియా యను మఱియొక పాతపేట యున్నది. బంగ్లాదేశము, నేపాళము, ఇండియాలనుండి పొట్టకూటికై వెళ్లినవారు అచట ఒక్కొక్క గదిలో పదిమందియు పండ్రెండుగురును పండుకొనుచుందురు. 2023 ఫిబ్రవరిలో అట్లు క్రిక్కిరిసిన యొక యింటి యడుగంతస్తున నిప్పంటుకొని ఇద్దరు మరణించిరి. ఒక ఖండమునుండియే వెళ్లిన ఇరుతెగలవారిలో ఒకరికి మనుష్యుడు లేని గది, మఱియొకరికి గది లేని మనుష్యుడు! పరదేశమునకు పోయి పనిచేసి, అద్దె చెల్లించి, బిడ్డలను బడికి పంపుచు కాపురముండు తెలుగువారిని గూర్చి మేమొక్క మాటయు అనము. వారు నిజముగా నివసించువారు.

కొన్నవారి పక్షమున చెప్పబడు వాదములను మేము విననివారము కాము. శిథిలగృహములు బాగుపడినవందురు. నిజమే. 2015 నుండి పాతయిండ్లను మరమ్మతు చేయించువారికి 350,000 యూరోలే చాలునని వెల తగ్గించిరి. కూలబోవు గోడలు కొన్ని నిలిచినవి, మేస్త్రీలకు పని దొరకినది. (మేస్త్రి యను మాటయే పోర్చుగీసువారు మనకిచ్చిపోయినది, అలమారయు నంతే. మన యింటికి మాటలిచ్చినవారి యిండ్లకు మనము తాళములిచ్చుచున్నాము.) కాని గోడ నిలుపుట మనుష్యుని నిలుపుటకొరకు. వీసా కొన్నవారు దేశముమొత్తముమీద కొన్ని వేలమందియే, యాత్రికులకు దినములవారీగా ఇండ్లద్దెకిచ్చుటయే ధరలు పెరుగుటకు పెద్దకారణమని మఱియొక వాదము. అదియు కారణమే యని యొప్పుకొందుము. అయినను అయిదు లక్షలని చట్టమే వెల చాటినప్పుడు, నాలుగు లక్షల యింటిని నాలుగు లక్షలకే యిచ్చు సత్యహరిశ్చంద్రుడు ఏ బజారున గలడు?

అన్యదేశీయులను ద్వేషించుట దీనికి మందు కాదు. కొన్నవాడు ఏ జాతివాడని గాక, అందుండునా యుండడా యని యడుగవలెను. స్విట్జర్లండు ప్రజలు 2012 మార్చిలో వోటువేసి, ఏ గ్రామమునను రెండవయిండ్లు నూటికి ఇరువదికి మించరాదని నిర్ణయించిరి. ఇంగ్లండునందలి సెయింట్ ఐవ్స్ యను సముద్రతీరపు టూరివారు 2016లో, కొత్తగా కట్టు ఇండ్లు నిత్యనివాసమునకే కావలెనని నూటికి ఎనుబదిమందికి పైగా వోటిచ్చిరి. ఆ నియమము పాతయిండ్లకు వర్తింపనందున ధనికులు వానిపై పడిరి. కావున సగము చట్టము చాలదు. ఇది మనకు తెలియని ధర్మమా? మన యేజెన్సీ ప్రాంతములలో భూమి గిరిజనులకు దక్క నితరులకు బదిలీ కారాదని 1959 నాటి నిబంధనమును 1970లో గట్టిపరచి, ‘వన్ ఆఫ్ సెవెంటీ’ యని వ్యవహరించుచున్నాము. అరకులోయ యందమును జూచి అచట బంగళా కట్టుకొన నుబలాటపడిన పట్టణవాసులకు ఈ చట్టము కంటిలో నలుసు. ఇచట చెల్లనిదానిని వారు సముద్రములు దాటిపోయి సాధించుచున్నారు.

మన ప్రభుత్వమును ఇందు తలుపు తెరచియే యుంచినది. రిజర్వు బ్యాంకువారు 2004లో మనిషికి సంవత్సరమునకు 25,000 డాలర్లు విదేశములకు పంపవచ్చునని యనుమతించిరి. అది 2015 నాటికి 250,000 డాలర్లయ్యెను. పసిబిడ్డల పేరనుకూడ పంపవచ్చును గనుక నలుగురున్న సంసారమునకు పదిలక్షల డాలర్లు. 2013లో రూపాయి పడిపోయినప్పుడు ఈ పరిమితిని తగ్గించి, ఈ దారిని విదేశమున స్థిరాస్తి కొనుటను నిలిపివేసిరి. మఱుసటి యేడే తిరిగి యనుమతించిరి. కష్టకాలమున ఆపదగినదని తామే యెరిగినదానిని సుఖకాలమున నేల విడిచిరో వారే చెప్పవలెను.

పోర్చుగలు 2023 అక్టోబరులో ఇండ్లమార్గమును మూసెను. స్పెయిను 2025 ఏప్రిలు 3వ తేదీని తన వీసాను రద్దుచేసెను. ఆ నెలయందే ఐరోపా న్యాయస్థానము, మాల్టా దేశము పౌరసత్వమును వెలకమ్ముట చట్టవిరుద్ధమని తీర్పుచెప్పెను. అమ్మి చూచినవారే అంగడి కట్టివేయుచుండగా దళారులు గ్రీసు దేశపు పటమును విప్పిరి. అచటను 2013లో 250,000 యూరోలకు మొదలైన వెలను 2024లో ఏథెన్సు, సాంతొరీని మొదలగు తావులలో 800,000కు పెంచి, అట్లు కొన్న యింటిని యాత్రికులకు దినములవారీగా అద్దెకిచ్చినచో 50,000 యూరోల జుల్మానా విధించిరి. కాని మూతపడిన కొట్టునో, కార్యాలయమునో నివాసగృహముగా మార్చి కొన్నవానికి మునుపటివలె 250,000 చాలునని ఆ చట్టముననే యొక సందు విడిచిరి. దళారుల సభలలో ఇప్పుడు తెరమీద కనబడునది ఆ సందే.