తాబేలు మేసే గడ్డికి మందు కొట్టకండి!

వానలు పట్టాక పచ్చటి లాన్ మీద ఉన్నట్టుండి గుండ్రటి మచ్చలు... గడ్డి ఎండిపోయిన రంగుకు తిరుగుతుంది, పట్టి లాగితే మొదట్లోంచి ఊడొస్తుంది. మొవ్వ రైతుకు చూపిస్తే 'చేలో పాముపొడలా ఉందే' అంటాడు. ఆ మాటలో నిజముంది. వరికి పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా సొలాని శిలీంధ్రమే చాలాసార్లు లాన్‌నీ ఇలా మాడుస్తుంది.

మచ్చ కనిపించగానే మందు కొట్టేయడం మనకు అలవాటు. కానీ ఆ గడ్డే తిండిగా బతికే ప్రాణి ఇంట్లో ఉంటే? అమెరికాలో సల్కాటా అనే ఆఫ్రికా తాబేలును పెరట్లో పెంచుకోవడం మామూలే. అక్కడున్న మనవడో మనవరాలో ముచ్చటపడి తెచ్చుకుంటే అమ్మమ్మలకు ఫోన్లో వచ్చే సందేహాల్లో ఇదీ ఒకటి కావచ్చు!

హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ లాంటి మందులు ఆకులోకి ఇంకిపోతాయి. నీళ్లు కొట్టి కడిగినా పోవు. మాంకోజెబ్ ఆకు మీదే ఉండి నేరుగా నోట్లోకి వెళ్తుంది. పైగా తాబేలు గడ్డిని మొదలుదాకా కొరుకుతుంది, పొట్టను నేలకు రాసుకుంటూ తిరుగుతుంది. డబ్బా మీద రాసే గడువు కోతకొచ్చే పంటకు లెక్కగట్టింది. రోజూ అదే గడ్డి తినే జంతువుకు కాదు.

కాబట్టి ముందు నీళ్ల సంగతి చూడాలి. సాయంత్రం పెట్టిన తడి రాత్రంతా ఆకు మీదే ఉంటుంది, తెగులుకు అదే పండగ. తెల్లవారాకే పెట్టండి. యూరియా ఆపండి. గడ్డిని మరీ పొట్టిగా కత్తిరించొద్దు. మచ్చనూ, దాని చుట్టూ బెత్తెడు మేర గడ్డినీ తీసి దూరంగా పారేయండి, ఎరువు గుంటలో మాత్రం వేయొద్దు. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి... పొలానికి చెప్పే పాళ్లివి. పెరటికి ఇదే పాళ్లలో కొద్దిగా కలిపి, నీడలో వారం పది రోజులు తడి ఆరకుండా మాగబెట్టి చల్లుకోవచ్చు. అది మట్టిలో కలిసిపోయేదాకా తాబేలును వేరేచోట ఉంచి, మందు తగలని గరిక, మందారాకులు, మందార పూలు వేస్తే సరి. వానకు లేచిన పుట్టగొడుగులను మాత్రం అది చూడకముందే పీకేయాలి.

మన దగ్గర సంగతి వేరు. నక్షత్ర తాబేలును గానీ, కాలవల్లో దొరికే నీటి తాబేలును గానీ ఇంట్లో పెట్టుకుంటే నేరం. 1972 నాటి వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించాక ఇవి మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మూడు నుంచి ఏడేళ్ల జైలు! బావిలో వేసుకున్నా అంతే.

మరి మొవ్వలో ఆ గడ్డి మేసేదెవరు? మేకలు, గేదెలు. పాముపొడ ముందు గట్టు వారన గడ్డిలోనే దాక్కుంటుంది కాబట్టి పిచికారీ కూడా గట్టు దాకా పడుతుంది. మందు కొట్టిన చేను గట్టు గడ్డి కోసి దొడ్లో వేయకండి. పక్క చేనువాళ్లకు ఓ మాట చెప్పండి, వాళ్ల మేకలూ అటే వస్తాయి. స్ప్రేయర్‌ను కాలవలో కడగొద్దు. ఈ మందులు చాలావరకు చేపలకు విషం, ఆ నీళ్లలోనే తాబేళ్లూ ఉంటాయి.