శుద్ధికి విషం షరతు కాదు

మడకశిర ప్రాంతంలో బోరునీటితో సంసారం నడిపే ఇల్లాళ్ళకు ఒక తెల్లని పొరతో నిత్యం పోరాటమే. కుళాయి మీద, బకెట్ అంచున, స్నానాల గది గోడల మీద, నీరు ఆరిన చోటల్లా అది పేరుకుంటుంది. పండుగ దగ్గరపడగానే దానిని వదిలించడానికి యాసిడ్ సీసా, బ్లీచింగ్ పౌడరు ఇంట్లోకి వస్తాయి. ‘తహారత్ కోసమే కదా’ అని మనం సమాధానపడతాం.

ఈ మాటను ధర్మశాస్త్రం వెలుగులో పరిశీలిద్దాం. ఆ తెల్లని పొర నీటిలోని సున్నపు లవణం. అది నజాసత్ కాదు. నిజంగా నజాసత్ అంటిన చోట కూడా పరిశుభ్రమైన నీటితో కడిగితే చాలు. మాలిన్యం తొలగిన పిదప, ఎంత కడిగినా వదలని మరక మిగిలితే దోషం లేదని హనఫీ ధర్మవేత్తలు తేల్చారు. నురగ, ఘాటైన వాసన శుద్ధికి షరతులు కావు. అయితే తనకు గానీ, ఇతరులకు గానీ హాని కలిగించరాదన్నది మాత్రం దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పిన మూలసూత్రం.

ఆ హాని ఎక్కడ ఉంది? రెండూ కలిపితే రెట్టింపు శుభ్రమవుతుందని కొందరు యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును కలిపి వాడతారు. వాటి కలయికతో క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర్ వద్ద సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చివేస్తుంది. మన ఇళ్ళలో పరచిన కడప, తాడిపత్రి బండలు సున్నపురాళ్ళు గనుక యాసిడ్ వాటినీ తినేస్తుంది. గరుకెక్కిన బండ మరింత మురికిని పట్టుకుంటుంది. దానితో మరింత యాసిడ్ అవసరమనిపిస్తుంది.

మరి దారి ఏమిటి? హిందూపురం మార్కెట్‌కు పేరు తెచ్చిన చింతపండే మన చేతిలో ఉంది. దాని చిక్కని పులుసును గానీ, సిర్కాను గానీ కుళాయికి, బకెట్‌కు పట్టించి అరగంట ఆగి రుద్దితే పొర కరుగుతుంది. సిర్కాను దైవప్రవక్త (స) మంచి కూరగా మెచ్చుకున్నారు. అయితే ఈ పులుపులను కూడా బ్లీచింగ్‌తో కలపరాదు, సున్నపు బండల మీద పోయరాదు. బండలకు సబ్బునీరు చాలు. ఇంట్లో అంటురోగం ఉండి బ్లీచింగ్ తప్పనిసరైతే, దానిని నీటిలో మాత్రమే కలిపి, కిటికీలు తెరచి వాడాలి.

యాసిడ్‌ను నీళ్ళ సీసాలో, షర్బత్ సీసాలో ఎన్నడూ పోసి ఉంచకండి. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి యాసిడ్ అమ్మరాదని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కనుక దానిని తెమ్మని పిల్లలను అంగడికి పంపకండి. పొరపాటున బిడ్డ మింగితే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. పైకి వచ్చేటప్పుడు అది గొంతును మరోసారి కాలుస్తుంది. నోరు కడిగి వెంటనే 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే కనీసం పావుగంట నీటిధార కింద కడిగి, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.

బిడ్డల ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. మన ఇళ్ళను పరిశుభ్రంగానూ, సురక్షితంగానూ ఉంచే వివేకాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.