అనుమతి ఉన్నా మనసొప్పని మాట

ప్రజల మధ్య సంధి కూర్చేవాడు అబద్ధీకుడు కాడని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు హజ్రత్ ఉమ్మె కుల్సూమ్ (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఈ హదీసు ఉంది. అయినా సిద్దిపేటలో ఒక పెద్దమనిషి మమ్మల్ని ఇలా అడిగారు: "భూమి పంపకంలో విడిపోయిన అన్నదమ్ములను, తమ్ముడు అనని మాట అన్నాడని అన్నకు చెప్పి కలిపాను. ఇద్దరూ కలిశారు. మరి నాకెందుకు నిద్ర పట్టడం లేదు, మౌలానా?"

అది ఈమాన్ లోపమని కొందరంటారు. మేము అంగీకరించము. హజ్రత్ ఇబ్రాహీం (అ) ఒక దుర్మార్గపు రాజు బారి నుండి కాపాడుకోవడానికి తన భార్య హజ్రత్ సారాను సోదరి అన్నారు. ధర్మం రీత్యా అది నిజమే కూడా. అయినా ప్రళయదినాన ప్రజలు సిఫారసు కోరి వచ్చినప్పుడు, అలాంటి తన మూడు మాటలను తలచుకొని ఆయన వెనుకాడతారని హదీసు తెలుపుతోంది. తప్పు లేని చోట కూడా అంత బిడియం! (మన పోతన భాగవతంలోనూ శుక్రాచార్యుడు మినహాయింపులన్నీ వల్లించినా బలి మాట తప్పడు.)

నిజంతో నెరవేరే పనికి అబద్ధం నిషిద్ధమేనని ఇమామ్ గజాలీ (మరణం క్రీ.శ. 1111) స్పష్టం చేశారు. కనుక మధ్యవర్తులు ముందుగా తమ్ముని నోట నిజంగానే ఒక మంచిమాట రాబట్టాలి, అతని చేత సలాం పంపించాలి. అనుమతి వంతు ఆ తరువాతనే.