‘కూలీకి ఏమైనా మాకు సంబంధం లేదు’ అని రాయించుకుంటే బాధ్యత తప్పుతుందా?

విశాఖలో ఉద్యోగం, గొలుగొండలో సొంత స్థలం. పండక్కి ఊరెళ్లినప్పుడు తెలిసిన మేస్త్రీతో రేటు మాట్లాడుకుని, స్టాంపు పేపరు మీద నాలుగు ముక్కలు రాసుకుని ఇంటి పని మొదలుపెడతారు. అలాంటి కాగితాల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: ‘పనిలో ఎవరికి ఏ ప్రమాదం జరిగినా ఇంటి యజమానికి సంబంధం లేదు. పూర్తి బాధ్యత మేస్త్రీదే.’

శ్లాబ్ వేస్తుండగా సెంట్రింగ్ కూలి, 30 ఏళ్ల తాపీ పనివాడు చనిపోయాడనుకుందాం. ఆ వాక్యం ఎంతవరకు పనిచేస్తుంది?

సంతకాలు పెట్టింది ఇద్దరే. కాబట్టి అది ఆ ఇద్దరి మధ్య డబ్బు లెక్కకే పనికొస్తుంది. చనిపోయిన మనిషి కుటుంబం ఆ ఒప్పందంలో లేదు, వాళ్ల హక్కును మిగతా ఇద్దరూ కలిసి రద్దు చేయలేరు. పోనీ, ‘నాకేం జరిగినా అడగను’ అని కూలీ చేతే ముందుగా సంతకం పెట్టించుకుంటే? అదీ చెల్లదు. ఉద్యోగుల పరిహార చట్టం-1923లోని 17వ సెక్షన్ ప్రకారం పరిహారం హక్కును వదులుకునే, తగ్గించే ఒప్పందం చెల్లని కాగితమే. ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్-2020లో కలిసిపోయింది. 2025 నవంబరు 21 నుంచి కోడ్ అమల్లో ఉంది. సెక్షన్ నంబర్లు మారాయి, ఈ సూత్రం మారలేదు.

డబ్బు కూడా చిన్నది కాదు. 1923 చట్టం లెక్కలో మరణానికి పరిహారమంటే నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన అంకెతో గుణించాలి. నెల వేతనానికి రూ.15,000 పరిమితి, 30 ఏళ్ల వ్యక్తికి ఆ అంకె 207.98. అంటే రూ.15,59,850. ఊళ్లో చాలా మంది మేస్త్రీల దగ్గర అంత డబ్బు ఎక్కడుంటుంది? అందుకే కుటుంబం తరఫు లాయరు మేస్త్రీ వెనుక ఎవరున్నారని వెతుకుతారు.

ఇంటి యజమాని దొరుకుతారా?

ఇక్కడ అందరి పరిస్థితీ ఒకటి కాదు. పాత చట్టం 12వ సెక్షన్ ప్రకారం, తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించినవాళ్లు కాంట్రాక్టరు కూలీలకూ పరిహారం చెల్లించాలి. అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డరు దీని నుంచి తప్పించుకోవడం కష్టం. ముందు కుటుంబానికి చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. ‘పూర్తి బాధ్యత మేస్త్రీదే’ అన్న వాక్యానికి అసలు విలువ ఈ రెండో దశలోనే.

సొంతిల్లు కట్టుకునే ఉద్యోగికి ఇళ్లు కట్టడం వ్యాపారం కాదు. పని మొత్తం మేస్త్రీకి నిజంగానే అప్పగిస్తే ఈ సెక్షన్ ఆయనకు సాధారణంగా వర్తించదు. అయితే మన ఊళ్లలో జరిగేది వేరు. మేస్త్రీ పేరుకే ఉంటాడు. సిమెంటు కొనేదీ, కూలీలను పిలిచేదీ, సాయంత్రం ఫోన్‌పేలో కూలి పంపేదీ యజమానే. అలాంటప్పుడు వాళ్లను పనిలో పెట్టుకున్నది మీరేనన్న వాదనకు మీ ఫోన్‌లోని చెల్లింపులే సాక్ష్యమవుతాయి. స్టాంపు పేపరు కన్నా అవే గట్టివి.

క్రిమినల్ కేసు సంగతి సరేసరి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ వర్తిస్తుంది. ఆ శిక్షను ఇంకొకరికి బదిలీ చేసే అగ్రిమెంటు లేదు.

మరి ఇలాంటి క్లాజులన్నీ వృథాయేనా అంటే, కాదు. ఇద్దరికీ సంబంధించిన నష్టం వరకైతే కోర్టులు చాలాసార్లు వాటిని నిలబెడతాయి. మన రాష్ట్రంలో ప్రభుత్వ పనులు చేసిన కాంట్రాక్టర్లకు ఏపీ స్టాండర్డ్ స్పెసిఫికేషన్లలోని 59వ క్లాజు బాగా తెలుసు. పని ఆలస్యమైతే ఏ పక్షమూ పరిహారం అడగకూడదన్నది దాని సారాంశం. స్థలం అప్పగించడంలో శాఖే జాప్యం చేసినా, ఈ క్లాజు చూపించి క్లెయిములు తోసిపుచ్చిన సందర్భాలున్నాయి. రామలింగారెడ్డి కేసులో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. నా దృష్టిలో ఇది కాంట్రాక్టరు మీద కాస్త కఠినమే. కానీ తెలిసి సంతకం పెట్టాడన్నది కోర్టు లెక్క. ఫ్లాటు కొన్నవాళ్ల విషయంలో మాత్రం ఇదే సుప్రీంకోర్టు 2019లో, పయనీర్ అర్బన్ కేసులో, బిల్డరు రాసుకున్న ఏకపక్ష షరతులు కొనుగోలుదారును కట్టిపడేయలేవని చెప్పింది. అక్కడ బేరమాడే అవకాశమే లేదు కదా.

ఇల్లు మొదలుపెట్టేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు కూలీల పరిహారానికి ప్రత్యేక పాలసీలు ఇస్తాయి. అది మేస్త్రీ పేరు మీదా, మీ పేరు మీదా అన్నది రేటు మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. కూలీలు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదయ్యారో లేదో అడగండి. శ్లాబ్ రోజుకు ముందే పాలసీ కాపీ చేతిలో ఉండేలా చూసుకోండి.