గుప్పెడు గుప్పెడు... తుపాను డబ్బా!

టీవీలో తుపాను హెచ్చరిక కనబడితే చాలు... కిరాణా కొట్ల ముందు ఒకటే రద్దీ. పొద్దున్నే పాల ప్యాకెట్లు అయిపోతాయి. మధ్యాహ్నానికి కొవ్వొత్తులు ఉండవు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు నిన్నటి ధరకు రావు. చేతిలో డబ్బున్నవాళ్లు నాలుగు సంచులు నింపుకొని వెళ్లిపోతారు. సాయంత్రం కూలి డబ్బులు అందాక బజారుకొచ్చే వాళ్లకు మిగిలేది ఖాళీ అరలే!

తుపాను కబురు ఇప్పుడు రెండు మూడు రోజుల ముందే తెలుస్తోంది. కానీ ఆ రెండు మూడు రోజుల్లో ఎవరికీ జీతం రాదు కదా! పైగా గాలివాన వెలిశాక కూడా పొలాల్లో నీళ్లు లాగేదాకా కూలి పని దొరకదు. సరిగ్గా ఆ రోజుల్లోనే సరుకుల కోసం అప్పు చేయాల్సి వస్తుంది. వారం రోజుల తిండి ఇంట్లో ఉంటే ఆ అప్పు తప్పుతుంది. దానికి పెద్ద మొత్తం అక్కర్లేదు. ఎండ కాసే రోజుల్లోనే కొంచెం కొంచెంగా పోగేసుకుంటే చాలు.

మూడు ఊళ్లు... మూడు అవసరాలు

ఒకే డెల్టా అయినా ఊరిని బట్టి అవసరం మారుతుంది.

బాపట్లకు గాలి భయం. 2010 మే 20న లైలా, 2023 డిసెంబరు 5న మిచాంగ్ ఈ ఊరి దగ్గరే తీరం దాటాయి. చెట్లు, స్తంభాలు కూలితే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. అప్పుడు ఫ్రిజ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇక్కడి నిల్వలో ఫ్రిజ్ అవసరం లేని సరుకులే ఉండాలి.

రేపల్లెకు రెండు వైపులా నీళ్లే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతో పాటు ఇటు తీర గ్రామాలనూ ముంచేసింది. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. 2009 అక్టోబరులో కృష్ణ పొంగి ఓలేరు దగ్గర కరకట్ట తెగింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదలడంతో లంక గ్రామాలు మళ్లీ మునిగాయి. ఇక్కడ ఇల్లు వదలాల్సి రావచ్చు. అందుకని నిల్వలో కొంత భాగం చేత్తో పట్టుకెళ్లేలా ఒక సంచిలో ఉండాలి.

తెనాలి వాళ్లు చాలా వరకు ఇంట్లోనే ఉండి తుపానును దాటిస్తారు. వాళ్లకు వీధుల్లో నీళ్లు, మూసిన దుకాణాలు, రాని పాలవాడు... ఇవీ ఇబ్బందులు. వంటింట్లో వారం సరుకులుంటే సరిపోతుంది.

అమ్మమ్మలకు తెలిసిన విద్యే

నిల్వ చేసుకోవడం మనకు కొత్తా ఏమిటి? వడ్లు పురుల్లో, గాదెల్లో ఉండేవి. వరి కోశాక మాగాణుల్లో వేసిన మినుము ఇంటికొస్తే ఏడాది పప్పు కుండల్లోకి చేరేది. కందిపప్పుకు ఆముదం రాసి దాచేవారు. శివరాత్రి దాటాక చింతపండు, మిరపకాయలు. ఎండలు ముదిరితే వడియాలు, చల్ల మిరపకాయలు. మామిడికాయ రాగానే ఆవకాయ. ఏ సరుకు ఎప్పుడు చౌకో అప్పుడే కొనడం ఆ ఇళ్ల లెక్క.

ఇప్పుడు ఇరుకు ఇళ్లు, అద్దె కొంపలు. వారం సరుకు వారానికి తెచ్చుకుంటున్నాం. ఏడాదికి సరిపడా దాచే చోటూ లేదు, డబ్బూ లేదు. సరే, ఏడాది వద్దు. ఏడు రోజులకు చాలు. స్వీడన్ ప్రభుత్వం 2018లోనూ 2024లోనూ ఆపద సమయంలో ఏం చేయాలో చెబుతూ ఇంటింటికీ చిన్న పుస్తకం పంపింది. వారం రోజులైనా సొంతంగా నెట్టుకురావాలన్నది 2024 పుస్తకంలోని సలహా. భూకంపాల దేశం జపాన్‌లోనూ కనీసం మూడు రోజులకు, వీలైతే వారానికి సరుకులు ఉంచుకోమంటారు.

పొయ్యి వెలగకపోతే?

చాలామంది పొరబడేది ఇక్కడే. బస్తా బియ్యం ఉంది కదా అని ధీమాగా ఉంటారు. ఇంట్లోకి నీళ్లొచ్చి గ్యాస్ పొయ్యి మునిగితే ఆ బియ్యం ఏం చేసుకోవాలి? అందుకే వారంలో మొదటి మూడు రోజులకు వండకుండా తినే పదార్థాలుండాలి. అటుకులు నీళ్లలో తడిపి బెల్లం కలిపితే పిల్లలకు కడుపు నిండుతుంది. మరమరాలు, పుట్నాల పప్పు, వేయించిన వేరుశెనగ గుళ్లు ఉండనే ఉన్నాయి. చక్కెర వ్యాధి ఉన్నవారికి బెల్లం బదులు పుట్నాలు, వేరుశెనగలు ఎక్కువ ఉంచండి. మిగతా నాలుగు రోజులకు బియ్యం, పప్పు, రవ్వ.

పది వారాలు... వారానికో నూరు

నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర చొప్పున వారానికి సుమారు పది కిలోల బియ్యం కావాలి. దీనికి విడిగా డబ్బు పెట్టక్కర్లేదు. పూటపూటా ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయండి. గుప్పెడు యాభై గ్రాములనుకుంటే రోజుకు రెండు గుప్పిళ్లతో నూరు గ్రాములు. వంద రోజుల్లో పది కిలోలు! రేషన్ బియ్యంతో గడిచే ఇంట్లోనూ ఇది సాధ్యమే. రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు నడిపిన ఆడవాళ్లకు ఈ లెక్క కొత్తగా చెప్పాలా?

మిగతా సరుకులకు వారానికి వంద రూపాయలు, అటూ ఇటూగా:

మొదటి వారం: అటుకులు కిలో, బెల్లం అరకిలో.
రెండో వారం: పుట్నాల పప్పు అరకిలో, వేరుశెనగ గుళ్లు పావుకిలో.
మూడో వారం: కందిపప్పు అరకిలో, ఉప్పు ప్యాకెట్.
నాలుగో వారం: కందిపప్పు మరో అరకిలో, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు.
అయిదో వారం: చిన్న పాలపొడి ప్యాకెట్లు, టీ పొడి.
ఆరో వారం: నూనె అరలీటరు, పసుపు.
ఏడో వారం: బొంబాయి రవ్వ కిలో, బిస్కెట్లు.
ఎనిమిదో వారం: పంచదార కిలో, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు.
తొమ్మిదో వారం: మరమరాలు, ఇంకొన్ని బిస్కెట్లు.
పదో వారం: చింతపండు పావుకిలో, సబ్బులు.

పచ్చళ్లు, కారప్పొళ్లు ఎలాగూ ఇంట్లో ఉంటాయి. ఒక వారం చేతిలో డబ్బు ఆడకపోతే ఆపేయండి. మరుసటి వారం అందుకోవచ్చు. తుపాన్లు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ వరకు, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సంక్రాంతికి మొదలుపెడితే వేసవి తుపాన్లకు ముందే డబ్బా నిండుతుంది.

దాచి మరిచిపోవద్దు

అటుకులు రెండు మూడు నెలల్లో ముక్కవాసన వస్తాయి. వేరుశెనగలు కనరెక్కుతాయి. రవ్వకు పురుగు పడుతుంది. కాబట్టి డబ్బాను అటక మీద పెట్టి మరిచిపోతే పెట్టిన డబ్బు దండగే. పాతది తీసి వాడుకోండి, కొత్తది తెచ్చి అడుగున పెట్టండి. జపాన్ వాళ్లు దీన్ని ‘రోలింగ్ స్టాక్’ అంటారు. నెలకోసారి ఆదివారం టిఫిన్‌కు నిల్వలోని అటుకులతోనో రవ్వతోనో ఉప్మా చేసేస్తే సరి. ప్రతి ప్యాకెట్ మీదా కొన్న తేదీ రాయండి. రవ్వ దోరగా వేయించి, చల్లారాక మూత పెట్టండి. బియ్యంలో ఎండిన వేపాకు వేయండి. బిగుతు మూతల డబ్బాలను నేల మీద ఉంచకుండా పై అరలో సర్దండి.

నీళ్లు మరవొద్దు

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లయినా కావాలి. కరెంటు పోతే మోటారు నడవదు. నీళ్ల క్యాన్లు నింపే ప్లాంటుకూ ఆ కరెంటే దిక్కు. హెచ్చరిక రాగానే బిందెలు, డ్రమ్ములు శుభ్రంగా కడిగి నింపి మూతలు పెట్టండి. తుపాను తర్వాత కాచిన నీళ్లే తాగాలి. కాచే వీల్లేకపోతే క్లోరిన్ బిళ్లలు ప్యాకెట్ మీద రాసిన కొలతలో వాడండి. విరేచనాలైతే, ఓఆర్‌ఎస్ అయిపోయి ఉంటే, లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. పాలు తాగే పసిబిడ్డకు తల్లి పాలే ఇవ్వండి. మంచివో కావో తెలియని నీళ్లతో పాలపొడి కలపడం ప్రమాదం.

హెచ్చరిక వచ్చిన రోజు

* పులిహోర కలిపి ఉంచండి. మామూలు అన్నం కంటే ఆగుతుంది, మర్నాటి దాకా ఆదుకుంటుంది.
* ఫ్రిజ్‌లోని పాలు, కూరలు ముందు వాడేయండి.
* సెల్‌ఫోన్లు, టార్చిలైట్లు చార్జింగ్ పెట్టండి.
* రోజూ వేసుకునే మందులు వారానికి సరిపడా సర్దండి.
* తీరంలో, లంకల్లో ఉండేవారు రెండు రోజులకు సరిపడా అటుకులు, బెల్లం, పుట్నాలు, బిస్కెట్లు, నీళ్ల సీసాలను సంచిలో పెట్టండి. రేషన్, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవరులో చుట్టి అందులోనే వేయండి. ఖాళీ చేయమని అధికారులు చెప్పగానే సంచి తీసుకుని కదలండి. డబ్బా కోసమో బియ్యం కోసమో ఆగొద్దు.
* వరద నీరు తగిలిన సరుకు ఎంత ఖరీదైనదైనా పారేయండి.

మిచాంగ్ సమయంలో కోతకొచ్చిన వరి ఈ డెల్టాలోనే నీళ్లపాలైంది. ఊరందరికీ అన్నం పెట్టే చోట కూడా పొయ్యి మీదికి ఏమీ లేని రోజు రావచ్చు. అందుకే ఈ పూట ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఒక్క గుప్పెడు పక్కన పెట్టండి. మీ తుపాను డబ్బా మొదలైనట్టే!