యెజెబెలు ముద్ర, మన ఫార్వర్డు



ఈ వారం కీర్తనల ధ్యానం కొనసాగించాలనుకున్నాం గానీ దాన్ని పక్కన పెట్టాం. మన సంఘంలో ఒక సహోదరి, బడిలో పాఠాలు చెప్పుకునే మనిషి, రెండు ఆదివారాలుగా ఆరాధనకు రావడం లేదు. ఎన్నికల డ్యూటీ పడి పోస్టల్ బ్యాలెట్ వేసిన ఆమె, ఆ ఓటు అమ్ముకుందని మనవాళ్లే మన గ్రూపుల్లో తిప్పారు. ఆధారం ఏమిటయ్యా అంటే ఒక్క ముక్క: సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లో బయటపెట్టారట!

మన పల్లెల్లో సోమాజిగూడ పేరు చెబితే చాలు, వార్తకు ముద్ర పడినట్టే. కానీ ఆ ప్రెస్‌క్లబ్ హాలు అద్దె కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. పార్టీ నాయకుడు కూర్చుంటాడు, పింఛనుదారుల సంఘం కూర్చుంటుంది, స్థలం తగాదాలో ఉన్నవాళ్లు కూర్చుంటారు. వెనక బ్యానర్, ముందు మైకులు. అక్కడ మాట్లాడిన మాట మాట్లాడినవాడి ఆరోపణే గాని క్లబ్బు సాక్ష్యం కాదు. పైగా మన సహోదరి పేరు అక్కడ ఎవరూ ఎత్తలేదు. ఆ పేరు కలిపింది మన ఊళ్లోనే.

1 రాజులు 21వ అధ్యాయం తెరవండి. నాబోతు ద్రాక్షతోట సంగతి సండే స్కూల్ పిల్లలకూ తెలుసు. అయితే ఆ దుర్మార్గం ఎలా జరిగిందో నెమ్మదిగా చదవండి. యెజెబెలు కత్తి పట్టలేదు. అహాబు పేరుతో ఉత్తరాలు రాసి, అతని ముద్ర వేసి, ఊరి పెద్దలకు పంపింది. మాట ఒకరిది, ముద్ర ఇంకొకరిది. పోస్టల్ బ్యాలెట్‌లో మోసం అంటూ జరిగితే అచ్చం ఇలాగే జరుగుతుంది. తర్వాత ఇద్దరు అబద్ధసాక్షులు నిలబడ్డారు. ఉత్తరం అందుకున్న పెద్దల్లో ఒక్కడైనా రాజు దగ్గరికి పోయి విచారించలేదు. మనకు ఆ యెజెబెలు మీద ఎంత కోపమో, ఆ నోరు మెదపని పెద్దల మీద అంత కోపం ఎందుకు రాదు? మనం వాళ్ల పోలికే గనుక.

కొందరు అడుగుతారు: “అయ్యగారూ, మోసమే లేదంటారా?” లేదని మేమెందుకంటాం? ఓటు కాగితం ఇంటికి వచ్చినప్పుడు ముసలి తల్లి చేతిలో పెన్ను లాక్కుని తానే గీత గీసే కొడుకు దొంగ కాదా? ఎదురుగా మనిషి లేకుండానే ధ్రువీకరణ సంతకం పెట్టిచ్చే అధికారి, అతను విశ్వాసి అయినా సరే, యెజెబెలుకు ముద్ర అరువిచ్చినవాడే. కవరులో నోట్లు పుచ్చుకుని, అందులోంచి దశమభాగం కానుక పెట్టెలో వేసేవారి సంగతి దేవుడే చూసుకుంటాడు.

అయినా ఆ కాగితం ఎలా నడుస్తుందో తెలుసుకోకుండా నోరు పారేసుకోవడం న్యాయమా? అసెంబ్లీ ఎన్నికల్లో ఓటు ఒక లోపలి కవరులో ఉంటుంది. ఓటరు డిక్లరేషను, అంటే ఫారం 13ఏ, వేరుగా ఉంటుంది. లెక్కింపులో ముందు ఆ డిక్లరేషన్నే చూస్తారు. అందులో సంతకమో ధ్రువీకరణో లోపిస్తే ఓటు కవరు విప్పరు, తిరస్కరిస్తారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఫారం మీదే పెద్ద రగడ జరిగింది. ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి హోదా, సీలు లేకపోతే ఓటు చెల్లుతుందా లేదా అని వైఎస్సార్సీపీ హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ వెళ్లింది. లెక్కింపు ముందు రోజు, జూన్ 3న, జోక్యం చేసుకోబోమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వాదన మీకు నచ్చినా నచ్చకపోయినా అది కాగితం పట్టుకుని కోర్టు ముందు నిలబడి అడిగిన ప్రశ్న. చీకట్లో విసిరిన రాయి కాదు.

2020 డిసెంబరు 4 మనలో చాలామందికి జ్ఞాపకమే. జీహెచ్‌ఎంసీ లెక్కింపు. సోమాజిగూడతో కలిపి 150 డివిజన్లు, కోవిడ్ కాలం గనుక కాగితపు బ్యాలెట్లు. పొద్దున్నే పోస్టల్ ఓట్లు విప్పగానే బీజేపీ ఎనభైకి పైగా డివిజన్లలో ముందుందని చానళ్లు ఊదరగొట్టాయి. సాయంత్రానికి టీఆర్‌ఎస్ 55, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. పొద్దున టీవీ చూసి పొలానికి పోయినవాళ్లు దీపాల వేళకు వచ్చి “ఎత్తుకుపోయారు” అన్నారు. ఎవరూ ఎత్తుకుపోలేదు. గుప్పెడు పోస్టల్ ఓట్ల ఆధిక్యాన్ని పంట మొత్తంగా చూపించారు, అంతే. అబద్ధం చెప్పకుండానే అబద్ధం నమ్మించడం అంటే ఇదీ!

నిజంగా తప్పులూ జరిగాయి. ఓల్డ్ మలక్‌పేటలో బ్యాలెట్ మీద సీపీఐ గుర్తుకు బదులు సీపీఎం గుర్తు అచ్చయింది, డిసెంబరు 3న మళ్లీ పోలింగ్ పెట్టారు. అదే రాత్రి, స్వస్తిక్ ముద్రే కాక వేరే గుర్తున్నా ఓటు చెల్లుతుందని ఎన్నికల సంఘం సర్క్యులర్ ఇచ్చింది. తెల్లారి హైకోర్టు దాన్ని ఆపింది. నేరేడ్‌మెట్‌లో ఆధిక్యం 504, వేరే గుర్తున్న ఓట్లు 544. ఫలితం నిలిపేశారు. తర్వాత వాటినీ లెక్కిస్తే ఆధిక్యం పెరిగింది. చూడండి, ఎవరో అడిగారు, కోర్టు విన్నది, అంకెలు బయటికొచ్చాయి. మన సహోదరి మీద వేసిన నిందకు అంకె ఏది? ఫిర్యాదు ఏది? ద్వితీయోపదేశకాండము 19:15 ఒక్క సాక్షి చాలడంటుంది. మనవాళ్లకు ఒక్క స్క్రీన్‌షాట్ సరిపోయింది.

చానళ్లు అమ్ముడుపోయాయని తిట్టేవారే, పేరూ ఊరూ లేని మెసేజ్‌ను వాక్యంలా నమ్ముతున్నారు. పత్రికకు సంపాదకుడి పేరుంటుంది, తప్పు రాస్తే సవరణ అడగొచ్చు. ఫార్వర్డును ఎవరి గుమ్మంలో నిలదీస్తాం?

ఆ మెసేజ్ పంపినవారు ఎవరో మాకు తెలుసు. పేర్లు ఇక్కడ రాయం. సంఘపెద్దలతో కలిసి శనివారం సాయంత్రం ఆమె ఇంటికి వెళ్తున్నాం. మీరూ రండి. ఏ గ్రూపుల్లో ఆ మాట పెట్టారో అదే గ్రూపుల్లో క్షమాపణ పెట్టి మరీ రండి. ఆదివారం ప్రభువు బల్ల ఉంది.