రోప్‌వే ఎవరి కోసం?

వైజాగుకి చుట్టాలొచ్చినా, ఆఫీసు వాళ్ళొచ్చినా మనం ముందు కైలాసగిరి తీసుకెళ్తాం. కొండ మీదకి రోడ్డుంది, మెట్లున్నాయి. అయినా అందరి కళ్ళూ రోప్‌వే మీదే. కేబిన్ కదిలి నాలుగు చెట్లు దాటేసరికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఊరంతా బయటపడతాయి. బీచ్ రోడ్డు సన్నటి గీతలా కనిపిస్తుంది, దూరంగా డాల్ఫిన్స్ నోస్. "భలే ఉంది కదా" అనుకుంటూ ఫోటోలు తీసుకుంటాం, పైన శివపార్వతుల విగ్రహాల దగ్గర ఇంకో నాలుగు తీసుకుంటాం, దిగిపోతాం. 2025లో అదే కొండ మీద గాజు వంతెన కూడా వచ్చింది. సంతోషమే. నేనూ ఎక్కే బాపతే :)

నా గొడవల్లా ఒకటే. రోప్‌వే అనగానే మనకి టూరిజం తప్ప ఇంకేదీ ఎందుకు గుర్తు రాదు?

కొలంబియాలో మెడెయీన్ అని ఒక ఊరుంది. అక్కడ పేదవాళ్ళ బస్తీలన్నీ కొండల మీదే. పొద్దున్నే పనికి దిగాలన్నా, సాయంత్రం ఇంటికి ఎక్కాలన్నా నరకం. 2004లో వాళ్ళు ఆ బస్తీల మీదుగా రోప్‌వే వేసి కింద మెట్రో స్టేషన్‌కి కలిపేశారు. బొలీవియాలో లా పాజ్ అయితే 2014లో మొదలుపెట్టి పది లైన్లు వేసింది, మొత్తం ముప్ఫై కిలోమీటర్లు. మనం సిటీ బస్సు ఎక్కినట్టు అక్కడి జనం కేబుల్ కారెక్కి ఉద్యోగాలకి పోతారు.

ఇదేమీ చిన్న లెక్క కాదు. పది మంది పట్టే కేబిన్, పన్నెండు సెకన్లకొకటి. గంటకి 300 కేబిన్లు, అంటే ఒక వైపు 3000 మంది. ట్రాఫిక్ జామ్ లేదు, సిగ్నల్ లేదు. కింద స్తంభం పాతేంత స్థలం ఉంటే చాలు. మనవాళ్ళకి కూడా ఇది తెలియక కాదు. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో పర్వతమాల పేరుతో జాతీయ రోప్‌వే కార్యక్రమం ప్రకటించారు. రోడ్డు వేయడం కష్టమైన చోట ఇది ప్రత్యామ్నాయం అని ఆ బడ్జెట్ ప్రసంగంలోనే చెప్పారు.

ఇప్పుడు మా రావికమతం సంగతికొస్తాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక మాది అనకాపల్లి జిల్లా అయింది గానీ, మనసులో ఇంకా విశాఖ జిల్లానే. మండలంలో కల్యాణపులోవ దాటి కొండలవైపు వెళ్తే గిరిజన గూడేలున్నాయి. ఇవి షెడ్యూల్డ్ ఏరియాలోకి రావు. అంటే మనిషి గిరిజనుడే, ఉండేది కొండ మీదే, కానీ పాడేరు వైపు వాళ్ళకి వర్తించే ఐదో షెడ్యూలు రక్షణ వీళ్ళకి లేదు. రోడ్డు లేని గూడెంలో ఎవరికైనా నొప్పులొస్తే డోలీయే గతి. కర్రకి దుప్పటి కట్టి, మనిషిని పడుకోబెట్టి, ఇద్దరిద్దరు చొప్పున భుజాలు మార్చుకుంటూ దించుతారు. ఆ ఫోటో పేపర్లో జిల్లా ఎడిషన్లో పడుతుంది. మనం "అయ్యో" అని పేజీ తిప్పేస్తాం.

"అయితే పది ఇళ్ళ గూడేనికి కేబుల్ కారు వేయమంటావా?" అని అడుగుతారని తెలుసు. వేయమనను. మనుషులెక్కే రోప్‌వేకి రోజూ తనిఖీ కావాలి, కరెంటు కావాలి, శిక్షణ ఉన్న మనుషులు కావాలి. 2017 జూన్‌లో గుల్మార్గ్‌లో గాలికి చెట్టు కూలి గొండోలా మీద పడి ఏడుగురు పోయారు. 2022 ఏప్రిల్‌లో దేవ్‌ఘర్ దగ్గర త్రికూట్ కొండ మీద ట్రాలీలు ఆగిపోతే హెలికాప్టర్లు తేవలసి వచ్చింది, ముగ్గురు చనిపోయారు. 2014 హుద్‌హుద్‌లో కైలాసగిరి మీద చెట్లేమయ్యాయో చూసిన మనకి గాలి సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మనిషికి కావలసింది రోడ్డే. అంబులెన్స్ గూడెం దాకా రావాలి. అందులో నాకు రెండో మాట లేదు.

కానీ సరుకు సంగతి వేరు. నేపాల్ కొండల్లో గ్రావిటీ రోప్‌వేలని ఉన్నాయి. రెండు ట్రాలీలు, వాటిని కలుపుతూ పైన కప్పీ చుట్టూ తిరిగే ఒక తాడు, ఒక బ్రేకు. పంటతో నిండిన ట్రాలీ కిందికి దిగుతూ రెండోదాన్ని పైకి లాగుతుంది. కరెంటు అక్కర్లేదు, డీజిల్ అక్కర్లేదు. కిందికి 120 కిలోలు దిగితే పైకి ఓ 40 కిలోలు వెళ్తాయి. మన గూడేలకి అతికినట్టు సరిపోయే లెక్క ఇది. దిగేది జీడిపిక్కలు, చింతపండు. ఎక్కేది రేషన్ బియ్యం, ఉప్పూ పప్పూ. ఇవాళ ఈ బరువంతా మోస్తున్నది ఆడవాళ్ళ నెత్తి, మగవాళ్ళ భుజం. అన్ని కొండలకీ ఇది కుదరదు. వాలు చూడాలి, దూరం చూడాలి, తాడు అరుగుదల చూడాలి. కుదిరిన చోటైనా, మనుషుల్ని ఎక్కనివ్వకూడదన్న షరతు గట్టిగా ఉండాలి. ఇంకోటి, "రోప్‌వే ఇచ్చాంగా, ఇక రోడ్డెందుకు" అనే మాట ఏ ఆఫీసర్ నోటా రాకూడదు.

మన ఇండస్ట్రీలో ఏ ప్రాజెక్టు మొదలుపెట్టినా మొదటి మీటింగులో అడిగే ప్రశ్న "యూజర్ ఎవరు?" అని. రోప్‌వేల విషయంలో మనం యూజర్ అంటే ఆదివారం కొండెక్కి దిగిపోయేవాడు అని రాసేసుకున్నాం. కొండ మీదే పుట్టి, రోజూ ఎక్కి దిగేవాడు ఆ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లోనే లేడు. లేనివాడి కోసం డిజైన్ ఎవరు చేస్తారు?

మెకానికల్, సివిల్ చదివి కోడ్ రాసుకుంటున్న మిత్రులు మన ఆఫీసుల్లో బోలెడుమంది. కంపెనీల దగ్గర సీఎస్ఆర్ డబ్బూ ఉంది. ఏటా మొక్కలు నాటి ఫోటో దిగే బదులు, ఒక గూడెం ఎంచుకుని, ముందు ఆ ఊరివాళ్ళని అడిగి, వాలు కొలిచి, ఇది కుదురుతుందో లేదో కాగితం మీద తేల్చగలమా? కుదరదని తేలినా నష్టం లేదు, ఆ కొలతలు రోడ్డు కోసం పెట్టే అర్జీకి పనికొస్తాయి. ఏమంటారు?